రెండు ఒడంబడికలు - రెండు భవనాలు

చేసిన మాటకు కట్టుబడి ఉండటం ఇస్లాం దృష్టిలో కేవలం వ్యక్తిగత సద్గుణం కాదు. మనిషి మనిషితో చేసుకునే కట్టుబాటు అయినా, రాజ్యం రాజ్యంతో చేసుకునే ఒడంబడిక అయినా నెరవేర్చి తీరాలని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తుంది. హుదైబియా సంధిలోని షరతులు పైకి ముస్లింలకు కష్టంగా కనిపించాయి. అయినా దైవప్రవక్త (స) వాటిని అక్షరాలా పాటించారు. సంకెళ్ళతో పరుగెత్తుకు వచ్చిన అబూ జందల్‌ను సైతం షరతు ప్రకారం మక్కావారికి అప్పగించవలసి వచ్చింది. ఒడంబడిక అంటే ఇంతటి బరువైన విషయమని ఆ సంఘటన శాశ్వతంగా బోధిస్తోంది.

అయితే చరిత్రను పరిశీలించే వారికి మరో ప్రశ్న కూడా ఎదురవుతుంది. సంధిపత్రం మీద ముద్ర వేసేటప్పుడు ఇద్దరూ సమానులే అయినా, ఆ తరువాత కూడా ఇద్దరూ సమానంగా నిలబడి ఉన్నారా? పద్ధెనిమిదవ శతాబ్దం చివరి పదిహేనేళ్ళలో రెండు ముస్లిం రాజ్యాలు రెండు పాశ్చాత్య శక్తులతో స్నేహం పేరిట ఒడంబడికలు చేసుకున్నాయి. ఒకటి మొరాకో - అమెరికాల మధ్య 1786లో కుదిరింది. రెండవది హైదరాబాదు నిజాంకూ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకీ మధ్య 1798, 1800 సంవత్సరాలలో కుదిరింది. రెండూ మైత్రి మాటతోనే మొదలయ్యాయి. కాని వాటి ఫలితాలు మాత్రం వేరువేరు. ఈ భేదానికి కారణాలు తెలుసుకోవడం హైదరాబాదు ముస్లింలకు కేవలం పుస్తక జ్ఞానం కాదు. ఆ కథలోని ఒక ముఖ్యపాత్ర గుర్తు బహదూర్‌పురాలో నేటికీ కళ్ళెదుట ఉంది.

మీర్ ఆలం చెరువు

బహదూర్‌పురాలో నెహ్రూ జంతు ప్రదర్శనశాల పక్కనే విశాలమైన మీర్ ఆలం చెరువు ఉంది. దీని కట్టకు 1804 జులై 20న శంకుస్థాపన జరిగింది. 1806 జూన్ నాటికి పని పూర్తయింది. సుమారు ఒక మైలు పొడవున్న ఈ కట్ట మామూలు మట్టికట్ట కాదు. 21 అర్ధవృత్తాకారపు రాతి కమానులను వరుసగా నిలబెట్టి కట్టినది. ప్రతి కమాను వంపు నీటివైపు తిరిగి ఉంటుంది. నీరు ఎంత బలంగా నెట్టినా ఆ ఒత్తిడిని కమాను తన రెండు పక్కల ఉన్న స్తంభాలకు పంచుతుంది. ఏ ఒక్క స్తంభమూ ఒంటరిగా ఆ బరువు మోయనక్కరలేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించే వరకు హైదరాబాదు నగరానికి తాగునీరు అందించిన ముఖ్యమైన వనరులలో ఇది ఒకటి.

ఈ చెరువు కట్టించిన మీర్ ఆలం అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. ఇరాన్ దేశంలోని షూష్తర్ నుండి వచ్చిన సయ్యద్ వంశీకుడు. రెండవ నిజాం అయిన నిజాం అలీఖాన్ ఆస్థానంలో ఆయన ప్రధానంగా దౌత్యవేత్త. 1780ల చివరలో నిజాం వకీలుగా కలకత్తా వెళ్ళి గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌తో మంతనాలు సాగించారు. 1792లో టిప్పూ సుల్తాన్‌తో శ్రీరంగపట్నం సంధి కుదిరినప్పుడు నిజాం పక్షాన కూర్చున్నది ఆయనే. 1799 యుద్ధంలో నిజాం సేనలతో పాటు నడిచారు. 1800లో పదవి పోయి నగరానికి దూరమయ్యారు. 1804లో దివాన్ అరస్తూజాహ్ మరణించిన తరువాత కంపెనీ మద్దతుతో దివాన్ పదవి చేపట్టారు. ఆ సంవత్సరమే చెరువుకట్ట పని మొదలైంది. 1808లో ఆయన మరణించారు. పాతనగరంలోని దాయరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

ఒక దౌత్యవేత్త తన పేరిట నగర ప్రజలకు నీరు మిగిల్చి వెళ్ళాడు. ఆయన సంధి సంభాషణల వల్ల రాజ్యానికి ఏమి మిగిలింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందుగా ఆ కాలంలోనే మగ్రిబ్ దేశంలో జరిగిన ఒడంబడికను చూడాలి.

మరాకిష్ ఒడంబడిక

అమెరికా వలసలు 1776లో ఇంగ్లండు ఆధిపత్యాన్ని తోసిపుచ్చి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. అప్పటికి ఆ కొత్త రాజ్యాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అటువంటి సమయంలో మొరాకో సుల్తాన్ సయ్యిదీ ముహమ్మద్ బిన్ అబ్దుల్లా (పాలన 1757-1790) తన రేవులలోకి స్వేచ్ఛగా రాదగిన దేశాల జాబితాలో అమెరికా పేరును కూడా చేర్చారు. ఆ ప్రకటన వెలువడినది 1777 డిసెంబరు 20న. అందువల్లనే అమెరికా స్వాతంత్ర్యాన్ని గుర్తించిన తొలి రాజ్యాలలో మొరాకోను లెక్కిస్తారు.

సుల్తాన్ చేసింది కేవలం ఔదార్యం కాదు. సముద్ర వ్యాపారం పెరిగితే రేవు సుంకాల ద్వారా ఖజానాకు స్థిరమైన ఆదాయం వస్తుందన్నది ఆయన విధానం. కాని స్వాతంత్ర్య యుద్ధంలో మునిగి ఉన్న అమెరికా చాలాకాలం దీనికి తగిన జవాబు ఇవ్వలేదు. చివరికి 1784 అక్టోబరులో మొరాకో నౌకలు 'బెట్సీ' అనే అమెరికా వర్తక నౌకను పట్టుకున్నాయి. ఆ నావికులను బానిసలుగా అమ్మలేదు. ఒడంబడిక కోసం రాయబారిని పంపమన్న హెచ్చరికగానే వారిని నిలిపి ఉంచి, మరుసటి సంవత్సరం స్పెయిన్ మధ్యవర్తిత్వంతో విడిచిపెట్టారు.

అమెరికా తరఫున థామస్ బార్‌క్లే అనే ప్రతినిధి 1786లో మరాకిష్ నగరానికి వచ్చాడు. సంభాషణలు త్వరగానే ముగిశాయి. హిజ్రీ 1200 షాబాన్ 25 తేదీతో, అంటే 1786 జూన్‌లో, అరబీ భాషలో ఉన్న ఒడంబడికపై సుల్తాన్ ముద్ర పడింది. తరువాత దానిపై జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ సంతకాలు చేశారు. 1787 జులైలో అమెరికా కాంగ్రెస్ దానిని ఆమోదించింది.

ఆ ఒడంబడికలోని ముఖ్యాంశాలు గమనించదగినవి. రెండు దేశాల నౌకలు పరస్పరం రక్షణ పొందుతాయి. యుద్ధమే వస్తే ఖైదీలను బానిసలుగా చేయరాదు, ఒకరికి ఒకరుగా మార్చుకోవాలి. అటువంటి సందర్భంలో వర్తకులు తమ ఆస్తులు సర్దుకుని వెళ్ళడానికి తొమ్మిది నెలల గడువు ఇవ్వాలి. ఒక దేశస్థుడు మరొక దేశస్థుణ్ణి గాయపరిచినా, చంపినా స్థానిక చట్టం ప్రకారం ఇరువురికీ సమానంగా న్యాయం జరగాలి. ఈ ఒడంబడిక యాభై సంవత్సరాలు అమలులో ఉంటుంది. బార్‌క్లే ఆచారం ప్రకారం కానుకలు తెచ్చాడు గాని, ఏటేటా కప్పం కట్టాలన్న షరతు ఇందులో లేదు. 1795లో అమెరికా అల్జీర్స్‌తో చేసుకున్న ఒప్పందంలో ఏటా చెల్లింపులు తప్పలేదన్న సంగతి గుర్తుంచుకుంటే దీని విశిష్టత తెలుస్తుంది. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పదవికి వచ్చిన సంవత్సరమే, 1789 డిసెంబరు 1న, సుల్తాన్‌కు కృతజ్ఞతలు తెలుపుతూ లేఖ రాశాడు. యాభై ఏళ్ళ గడువు ముగియగానే 1836లో మిక్నాస్‌లో ఒడంబడికను తిరిగి ఖాయం చేసుకున్నారు. ఆ మైత్రీ బంధం నేటికీ తెగిపోలేదు.

హైదరాబాదు ఒడంబడిక

ఇక దక్కనుకు వద్దాం. 1795లో ఖర్డా యుద్ధంలో నిజాం అలీఖాన్ మరాఠాల చేతిలో ఓడిపోయారు. ఆయన సైన్యంలో బలమైన విభాగం ఫ్రెంచి సేనాని రేమండ్ చేతిలో ఉండేది. 1798 మార్చిలో రేమండ్ మరణించాడు. మూసారాంబాగ్‌లో ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. ఫ్రెంచివారిని దక్కనులో నిలవనీయరాదన్న పట్టుదలతో ఉన్న కంపెనీకి ఇదే అదను అయింది. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ద్వారా 1798 సెప్టెంబరు 1న సైన్య సహకార ఒడంబడిక కుదిరింది. కంపెనీకి చెందిన ఆరు పటాలాలు నిజాం రాజ్యంలో ఉంటాయి. వాటి ఖర్చు కింద నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లిస్తారు. ఫ్రెంచి దళాలను తొలగించాలి. అక్టోబరులో ఆ దళాలు ఆయుధాలు దించేశాయి.

రెండేళ్ళకు, 1800 అక్టోబరు 12న మరో ఒడంబడిక వచ్చింది. ఈసారి ఏటా నగదు చెల్లించడానికి బదులు భూభాగమే ఇవ్వాలన్నారు. 1792, 1799 సంవత్సరాలలో మైసూరు నుండి నిజాంకు దక్కిన ప్రాంతాలను శాశ్వతంగా కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు ఆ విధంగానే 'దత్త మండలాలు' అయ్యాయి. ఆంధ్రదేశంలోని ఆ భాగానికే తరువాత రాయలసీమ అన్న పేరు వచ్చింది. మీర్ ఆలం కూర్చుని మాట్లాడిన 1792 సంధి వల్ల వచ్చిన భూములు తొమ్మిదేళ్ళు తిరగకముందే చేజారాయి.

భూమికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. కంపెనీకి ముందుగా తెలియజేసి, దానితో సంప్రదించకుండా నిజాం ఏ ఇతర రాజ్యంతోనూ సంభాషణలు ప్రారంభించరాదు, కొనసాగించరాదు అని ఆ ఒడంబడిక విధించింది. అంటే దౌత్యమనే తలుపునకు తాళంచెవి పొరుగువారి చేతికి వెళ్ళింది. తనకు ఇష్టమైన దేశంతో మాట్లాడగల హక్కే రాజ్యానికి లేనప్పుడు మీర్ ఆలం వంటి సమర్థుడైన వకీలు ఉన్నా ప్రయోజనం ఎంత?

తేడా ఎక్కడ ఉంది?

మొరాకో సుల్తాన్ తెలివైనవారు, నిజాం కాదు అని చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. అమెరికాకు ఆనాడు మధ్యధరా సముద్రంలో ఒక్క యుద్ధనౌక కూడా లేదు. వర్తకం తప్ప మొరాకోలో దానికి వేరే అవసరమూ లేదు, బలమూ లేదు. కంపెనీ సంగతి అది కాదు. బెంగాలులో, మద్రాసులో దానికి సైన్యమూ రాజ్యమూ ఉన్నాయి. నిజాం చుట్టూ మరాఠాలు, మైసూరు ఉన్నారు. భయంతో ఉన్నవాడు రక్షణ కొనుక్కున్నాడు. రక్షకుడు ఇంటిలోనే కాపురం పెట్టాడు.

అయినా ఒడంబడికల అక్షరాలలోనే ఒక భేదం స్పష్టంగా ఉంది. మరాకిష్ ఒడంబడికలో ముఖ్యమైన బాధ్యతలు ఇరువైపులా ఉన్నాయి. అది ఎవరి సైన్యాన్నీ ఎవరి నేలమీదా నిలపలేదు. ఎవరి నోటికీ తాళం వేయలేదు. గడువు కూడా పెట్టుకుంది. హైదరాబాదు ఒడంబడికలో రక్షణ ఒకరిది, ఖర్చు మరొకరిది. సైన్యం ఒకరిది, నేల మరొకరిది. ఒక పక్షం మీదే మోపిన కమాను నిలవదన్న సంగతి మీర్ ఆలం చెరువుకట్ట కట్టిన మేస్త్రీలకు తెలుసు.

మొరాకో కథ కూడా చివరిదాకా సాఫీగా సాగలేదు. 19వ శతాబ్దంలో పాశ్చాత్య దేశాల కాన్సుళ్ళు తమ ప్రజలకే కాక, తమ ఆశ్రయం పొందిన మొరాకో పౌరులకు కూడా స్థానిక చట్టం నుండి మినహాయింపులు సంపాదించారు. అమెరికా కాన్సుళ్ళు ఇందుకు భిన్నం కాదు. 1912లో ఫ్రాన్సు మొరాకోను తన సంరక్షణలోకి తెచ్చుకుంది. 1917లో అమెరికా దానిని గుర్తించింది. స్నేహితుడు ఆ కష్టంలో అడ్డుపడలేదు. అయితే పాత పత్రం పనికిరాకుండా పోలేదు. ఫ్రాన్సు, అమెరికాల మధ్య మొరాకోలోని హక్కులపై హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వివాదం వెళ్ళినప్పుడు 1836 ఒడంబడికనే ముందు పెట్టుకుని 1952 ఆగస్టులో తీర్పు చెప్పారు. సంరక్షిత రాజ్యంగా ఉన్నా అంతర్జాతీయ న్యాయం దృష్టిలో మొరాకో ఒక రాజ్యంగానే నిలిచి ఉందని ఆ తీర్పు పేర్కొంది. నాలుగేళ్ళకు, 1956లో మొరాకో స్వతంత్రమైంది. ఆ సంవత్సరమే అమెరికా తన కాన్సులు న్యాయాధికారాన్ని వదులుకుంది.

టాంజియర్‌లో ఒక భవనం

ఒడంబడికలు కాగితం మీద ఉంటే, వాటి జ్ఞాపకం రాతిలోనూ సున్నంలోనూ ఉంటుంది. మొరాకో ఉత్తర తీరంలో, జిబ్రాల్టర్ జలసంధి అంచున ఉన్న టాంజియర్ నగరాన్ని అరబీలో తంజా అంటారు. 1821లో సుల్తాన్ మౌలాయ్ సులైమాన్ ఆ పాతనగరంలో ఒక భవనాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. విదేశాలలో అమెరికా ప్రభుత్వానికి లభించిన మొదటి ఆస్తి అదే. ఇరుకైన వీధిలో, వీధికి రెండు పక్కలా విస్తరించి, పైన వంతెనలాంటి గదితో కలిసి ఉండే ఆ మొరాకో పద్ధతి భవనంలో నూటముప్ఫై ఏళ్ళకు పైగా అమెరికా దౌత్యకార్యాలయం నడిచింది. దౌత్యకార్యాలయం రబాత్‌కు మారాక దాని అవసరం తీరింది. 1976లో కొందరు అమెరికన్లు సంఘంగా ఏర్పడి దానిని కాపాడే పని చేపట్టారు. 1982లో అమెరికా దానిని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించింది. నేడు అది మ్యూజియంగా, మొరాకో చరిత్రను అధ్యయనం చేసేవారి గ్రంథాలయంగా పనిచేస్తోంది.

కోఠీలో మరో భవనం

హైదరాబాదులోనూ అటువంటి భవనం ఒకటుంది. మూసీ నది ఉత్తరపు ఒడ్డున, నేటి కోఠీ ప్రాంతంలో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కోసం నిజాం ధనంతో 1803 తరువాత కట్టిన రెసిడెన్సీ అది. ఎత్తైన స్తంభాలతో, విలాయతీ పద్ధతిలో ఉన్న ఆ సౌధాన్ని నిర్మించినది నిజాం. అందులో నివసించినది కంపెనీ ప్రతినిధి. కిర్క్‌పాట్రిక్ పారసీ, ఉర్దూ నేర్చినవాడు. నిజాం దర్బారు ఆయనకు హష్మత్ జంగ్ అనే బిరుదు ఇచ్చింది. నగరంలోని ఒక ఉన్నత కుటుంబపు కుమార్తె ఖైరున్నిసాను ఆయన ఇస్లామీయ సంప్రదాయం ప్రకారం వివాహం చేసుకున్నాడు. ఆమె తల్లి వైపు తాతగారు మీర్ ఆలం బంధువు. ఆ పెళ్ళి కంపెనీలోనూ దర్బారులోనూ పెద్ద వివాదమైంది.

1805లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. అంతకు కొద్దికాలం ముందే ఇద్దరు పిల్లలనూ ఇంగ్లండుకు పంపారు. తల్లి వారిని మళ్ళీ చూడలేదు. దశాబ్దాల తరువాత, 1840లలో, కుమార్తె కిట్టీకి హైదరాబాదులో బ్రతికి ఉన్న అమ్మమ్మ షరఫున్నిసా జాడ తెలిసింది. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. అమ్మమ్మ పలుకు పారసీలో వెళ్ళేది, మనవరాలి పలుకు ఇంగ్లీషులో వచ్చేది. రెండు నాగరికతల కలయిక అన్న పెద్దమాట వెనుక ఒక ముసలితల్లి ఎదురుచూపు ఉందని ఆ ఉత్తరాలు గుర్తుచేస్తాయి.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో హైదరాబాదు ప్రజలు ఈ రెసిడెన్సీ మీదకే నడిచారు. తుర్రేబాజ్ ఖాన్ 1859లో ప్రాణాలు కోల్పోయారు. మౌల్వీ సాహెబ్‌ను అండమానుకు పంపారు. టాంజియర్ భవనం మీదకు మొరాకో ప్రజలు అలా తిరగబడవలసిన అవసరం రాలేదు. రెండు ఒడంబడికల మధ్య ఉన్న భేదం ఈ ఒక్క సంఘటనలోనే పూర్తిగా కనిపిస్తుంది.

గ్రంథరూపంలో మిగిలినది

దౌత్య సంబంధాల వల్ల ఒక దేశం గురించి మరొక దేశానికి తెలియడం సహజం. మీర్ ఆలం బంధువు అబ్దుల్ లతీఫ్ షూష్తరీ పారసీలో రచించిన 'తుహ్‌ఫతుల్ ఆలం' ఇందుకు మంచి నిదర్శనం. గ్రంథం పేరులోనే మీర్ ఆలం ప్రస్తావన ఉంది. ఇంగ్లీషువారి ఆచార వ్యవహారాలు, న్యాయస్థానాలు, యూరపు ఖగోళ విజ్ఞానం మొదలైన విషయాలను ఆయన అందులో పారసీ పాఠకులకు వివరించారు. ఎదుటివారిని మెచ్చుకోవలసిన చోట మెచ్చుకుని, విమర్శించవలసిన చోట విమర్శించిన గ్రంథమది.

మీర్ ఆలం కుమార్తె వంశంలో పుట్టిన మొదటి సాలార్‌జంగ్ 1853 నుండి 1883 వరకు దివాన్‌గా ఉన్నారు. కంపెనీ బాకీల కింద 1853లో పోయిన బేరార్‌ను తిరిగి సాధించాలని జీవితమంతా ప్రయత్నించి, 1876లో ఇంగ్లండు వరకు వెళ్ళివచ్చారు. బేరార్ రాలేదు. మాటల ద్వారానే పోయినదాన్ని మాటల ద్వారానే రాబట్టాలని ఆయన పడిన శ్రమ అది.

అమెరికా హైదరాబాదుకు వచ్చినప్పుడు

స్వతంత్ర భారతదేశంలో హైదరాబాదు, అమెరికాల సంబంధం వేరే రూపం దాల్చింది. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రం ఏర్పడింది. 2008 అక్టోబరులో బేగంపేటలోని పాయిగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు ప్రారంభమైంది. ఒకనాటి నిజాం ప్రభువుల సౌధంలో అమెరికా దౌత్యకార్యాలయం పనిచేయడం టాంజియర్‌ను గుర్తుచేసే విషయమే. 2023 మార్చిలో ఆ కార్యాలయం నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. అదే సంవత్సరం జనవరిలో పాతనగరంలోని పాయిగా సమాధుల పరిరక్షణకు అమెరికా ప్రభుత్వం 2,50,000 డాలర్ల సహాయం ప్రకటించింది. కోఠీ రెసిడెన్సీని కూడా న్యూయార్కు కేంద్రంగా పనిచేసే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో బాగుచేశారు. ఆనాడు ఒక అధికారానికి చిహ్నంగా లేచిన ఆ సౌధం నేడు మహిళా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉంది. హైదరాబాదు ఆడపిల్లలు చదువుకునే చోటు అది.

పాఠం

ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు విషయాలు తేటతెల్లమవుతాయి. మొదటిది: ఒడంబడిక విలువ దాని మొదటి పంక్తిలోని స్నేహవాక్యంలో లేదు, బాధ్యతలు ఇరువైపులా సమానంగా ఉన్నాయా లేదా అన్నదానిలో ఉంది. రెండవది: సమానంగా కుదిరిన పత్రం కష్టకాలంలో రాజ్యాన్ని పూర్తిగా కాపాడలేకపోయినా, దాని ఉనికికి సాక్షిగా నిలుస్తుంది. మూడవది: పాలకులు సరిదిద్దలేకపోయినదానిని తరువాతి తరాలు జ్ఞానంతో, జ్ఞాపకంతో కొంతవరకైనా సరిదిద్దగలవు.

టాంజియర్‌లోని భవనాన్ని ఒక దేశం కాపాడుకుంటోంది, మరొక దేశం గౌరవిస్తోంది. బహదూర్‌పురాలోని చెరువుకట్టను కాపాడుకోవలసిన బాధ్యత మాత్రం ఆ చుట్టుపక్కల నివసించేవారిది, నగరానిది. రెండు శతాబ్దాలుగా ఆ ఇరవైయొక్క కమానులు నీటి బరువును ఒకదానికొకటి పంచుకుంటూ నిలిచే ఉన్నాయి. అక్కడికి సెలవురోజున జంతు ప్రదర్శనశాల చూడటానికి వెళ్ళే తండ్రి, పిల్లల చేయిపట్టుకుని ఆ కట్టవైపు చూపించి, దానిని కట్టించినవారెవరో, ఆయన కాలంలో ఏ సంతకాలు ఏ భూములను తీసుకుపోయాయో చెప్పగలిగితే చాలు. ఆ వారసత్వం సజీవంగా ఉన్నట్లే.